ఆ పన్నెండు పదాలు ఫోన్‌లో ఉన్నాయా? అయితే ఈ రాత్రికే కొత్త వాలెట్ పెట్టుకోండి

ప్రశ్న: నమస్తే అండి. మాది విజయవాడ, సింగ్‌నగర్. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. 2021 నుంచి ఒక క్రిప్టో ఎక్స్ఛేంజ్ (కాయిన్లు కొని అమ్మే) యాప్‌లో నెలకు కొంచెం చొప్పున బిట్‌కాయిన్ కొంటూ వచ్చాను. కొంత ఈథర్, డాలర్ విలువతో నడిచే యూఎస్‌డీటీ కొంచెం కూడా ఉన్నాయి. అన్నీ కలిపి 5 లక్షల దాకా ఉంటాయి. వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ హ్యాక్ సంగతి విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంటే, హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు సొంత వాలెట్ పెట్టుకోమన్నాడు. ఫోన్‌లో వాలెట్ యాప్ వేసుకున్నాను. అది పన్నెండు ఇంగ్లిష్ పదాలు చూపించి రాసుకోమంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మా బీరువా కింది అరలో కాగితాలన్నీ ముద్దయిపోయాయి. ఆ అనుభవంతో కాగితం మీద నమ్మకం లేక స్క్రీన్‌షాట్ తీసి, తమ్ముడికి కూడా వాట్సాప్‌లో పంపి ఉంచాను. ఇప్పటికి మూడో వంతు అందులోకి మార్చాను. మిగతాది కూడా మార్చేయవచ్చా? హార్డ్‌వేర్ వాలెట్ (పదాలను ఫోన్‌లో కాకుండా విడిగా దాచే చిన్న పరికరం) కొనడం అవసరమా? నాకేమైనా అయితే మా ఆయనకు ఇవి ఎలా అందుతాయి? ఆయనకు వీటి గురించి ఏమీ తెలియదు.

జవాబు: మిగతాది మార్చకండి. ముందు ఇప్పటికే మార్చిన మూడో వంతును అక్కడి నుంచి తీయాలి, అదీ ఈ రాత్రికే. మిగతా ప్రశ్నలన్నీ దాని తర్వాతే.

మీ కాయిన్లు మీ ఫోన్‌లో లేవు. అవి బ్లాక్‌చెయిన్‌లో, అంటే ఎన్నో కంప్యూటర్లలో ఉండే ఉమ్మడి ఖాతా పుస్తకంలో, ఒక అడ్రస్ మీద ఉన్నాయి, వాటిని కదిలించే అధికారం ఆ పన్నెండు పదాల్లో ఉంది. సీడ్ ఫ్రేజ్ అనేది వీటినే. ఆ పదాలు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు మీ ఫోన్ అక్కర్లేదు, మీ పిన్ అక్కర్లేదు, వేలిముద్ర అక్కర్లేదు, ఓటీపీ రాదు. ప్రపంచంలో ఏ మూల నుంచైనా వేరే యాప్‌లో ఆ పదాలు కొట్టి మొత్తం తీసేసుకోవచ్చు. ఆపమని చెప్పడానికి బ్యాంకు లేదు, వెనక్కి తెప్పించడానికి కస్టమర్ కేర్ లేదు.

మీ తమ్ముడి మీద అనుమానంతో చెబుతున్నది కాదిది. ఆ ఒక్క స్క్రీన్‌షాట్ ఇప్పుడు ఎన్ని చోట్ల ఉండి ఉంటుందో చూడండి: మీ గ్యాలరీ, ఆటోమేటిక్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే మీ గూగుల్ ఫొటోస్, వాట్సాప్ చాట్ బ్యాకప్, మీ తమ్ముడి ఫోన్ గ్యాలరీ, ఆయన గూగుల్ ఫొటోస్, ఆయన ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే అది కూడా. వీటిలో ఏ ఒక్క పాస్‌వర్డ్ బయటపడినా చాలు. పైగా గ్యాలరీలో ఫొటోలను చదివి, సీడ్ ఫ్రేజ్ కనిపిస్తే దాన్ని దొంగలకు పంపే మాల్‌వేర్ (దొంగ సాఫ్ట్‌వేర్) నిజంగానే ఉంది. స్పార్క్‌క్యాట్ అని పేరుపెట్టిన అలాంటిదాన్ని 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ అనే సైబర్ భద్రత కంపెనీ వాళ్లు బయటపెట్టారు. ఎక్కడో తెలియని సైట్లలో కాదు, గూగుల్ ప్లేలోనూ యాపిల్ యాప్ స్టోర్‌లోనూ ఉన్న యాప్‌ల్లోనే దొరికింది. మామూలు యాప్‌లాగే ఉండి ఫొటోల పర్మిషన్ అడుగుతుంది, మనం అలవాటుగా అలౌ నొక్కేస్తాం.

ఇప్పుడు స్క్రీన్‌షాట్ డిలీట్ చేసినా, వాట్సాప్‌లో డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టినా సరిపోదు. పిన్ మార్చినా, యాప్ పాస్‌వర్డ్ మార్చినా లాభం లేదు, ఎందుకంటే పదాలు మారవు. ఒకసారి ఫొటోగా మారిన సీడ్‌ను బయటపడిపోయిన సీడ్ కిందే లెక్క వేయండి, దాన్ని వదిలేసి కొత్త సీడ్ పుట్టించుకోవాలి. ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు: యాప్‌లో 'యాడ్ అకౌంట్' నొక్కి, అకౌంట్ 2 వచ్చింది కదా అని డబ్బు అందులోకి పంపేస్తారు. అకౌంట్ 2 కూడా అవే పన్నెండు పదాల నుంచి పుట్టినదే, పదాలు తెలిసినవాడికి అదీ తెరుచుకుంటుంది. మీరు నొక్కాల్సింది కొత్త వాలెట్ క్రియేట్ చేసే ఆప్షన్. అది మళ్లీ పన్నెండు కొత్త పదాలు చూపించి రాసుకోమనాలి. చూపించకపోతే మీరు తప్పు బటన్ నొక్కినట్టు.

కొత్త పదాలను కాగితం మీద రాసి, సరిచూసుకుని, పాత వాలెట్ నుంచి ఉన్నదంతా అందులోకి పంపండి. ఎక్కువ విలువ ఉన్నదాన్ని ముందు పంపండి. యూఎస్‌డీటీ దగ్గర మీకు ఒక చిక్కు రావచ్చు, దాన్ని పంపడానికి ఫీజు యూఎస్‌డీటీలో పోదు. ఈథరియం నెట్‌వర్క్ మీద ఉంటే ఈథర్, ట్రాన్ నెట్‌వర్క్ మీద ఉంటే దాని సొంత కాయిన్ టీఆర్‌ఎక్స్ కొంచెం ఆ అడ్రస్‌లోనే ఉండాలి. అందుకని ఈథర్‌ను మొత్తం ఊడ్చి పంపేయకండి, యూఎస్‌డీటీ కదిలేదాకా ఫీజుకు కొంత ఉంచండి. పాత వాలెట్‌ను అప్పుడే యాప్‌లోంచి తీసేయొద్దు, ఎక్కడైనా ఏమైనా మిగిలిపోయిందేమో కొన్నాళ్లు చూసుకోవచ్చు. అందులోకి కొత్తగా మాత్రం ఏదీ పంపకండి.

రాసుకోవడం గురించి. ఆ పదాలను ఇంగ్లిష్ అక్షరాల్లోనే, పెద్దబడిలో, ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లు వేసి రాయండి. తెలుగు లిపిలో రాస్తే తర్వాత స్పెల్లింగ్ దగ్గర తికమక పడతారు. చాలా వాలెట్లు వాడే పదాల పట్టిక ఒక్కటే, బిప్-39 అంటారు, 2013లో వచ్చింది. అందులో 2048 పదాలు ఉంటాయి, ఏ రెండు పదాలకూ మొదటి నాలుగు అక్షరాలు ఒకటి కావు. అంటే చేతిరాత కొంచెం గజిబిజిగా ఉన్నా మొదటి నాలుగు అక్షరాలు స్పష్టంగా ఉంటే పదం దొరికిపోతుంది. వరస మాత్రం మారకూడదు. ఒక పదం బదులు పట్టికలోనే ఉన్న ఇంకో పదం రాస్తే, పదహారింట దాదాపు పదిహేను సార్లు యాప్ ఒప్పుకోదు, తప్పు అని చెప్పేస్తుంది. ఆ మిగిలిన ఒక్కసారి మాత్రం ఒప్పుకుని ఖాళీ వాలెట్ తెరుస్తుంది, అప్పుడు డబ్బు పోయిందని గుండె ఆగినంత పనవుతుంది. అందుకే రాసేటప్పుడు తొందర వద్దు, పిల్లలు పడుకున్నాక టీవీ ఆపి రాయండి. పన్నెండు చాలదేమో, ఇరవై నాలుగు కావాలేమో అని కూడా కంగారుపడకండి. పన్నెండు పదాలను ఊహించి పట్టుకోవడం ఏ కంప్యూటర్‌కూ అయ్యే పని కాదు. పదాలు మామూలుగా పోయేది అలా ఊహించడం వల్ల కాదు, ఎక్కడో రాసిపెట్టడం వల్లో ఎవరికో చెప్పడం వల్లో.

ఇక మీ వరద భయం. అది సరైన భయమే, కానీ దానికి మందు స్క్రీన్‌షాట్ కాదు. మీకు రెండు ప్రమాదాలు ఉన్నాయి, ఒకటి పదాలు పాడైపోవడం, రెండోది పదాలు బయటపడడం. స్క్రీన్‌షాట్ మొదటిదాన్ని కొంచెం తగ్గించి రెండోదాన్ని విపరీతంగా పెంచుతుంది. నీళ్లకు తట్టుకునే పద్ధతులు వేరే ఉన్నాయి. జెల్ పెన్నుతో, ఇంకు పెన్నుతో రాసింది నీళ్లలో కరిగిపోవచ్చు. పెన్సిల్‌తో రాసింది కరగదు, కాగితం చిరగకుండా ఆరబెట్టుకోగలిగితే అక్షరాలు అలాగే ఉంటాయి. కాబట్టి మందపాటి కాగితం, పెన్సిల్, దాన్ని గట్టిగా మూసుకునే ప్లాస్టిక్ జిప్ కవర్లో పెట్టి పై అరలో పెట్టడం, ఇది ఈ రాత్రికి సరిపోయే ఏర్పాటు. కంప్యూటర్ ప్రింటర్ వాడకండి. జిరాక్స్ షాపుకు అసలు వెళ్లకండి.

కొన్నాళ్లలో స్టెయిన్‌లెస్ స్టీలు మీదకు మార్చండి. స్టీలుకు వరద లెక్క కాదు, చెద పట్టదు, ఇంట్లో మంటలు లేచినా కరగదు, ఎందుకంటే అది కరగాలంటే 1400 డిగ్రీల సెల్సియస్ దాకా కావాలి. అల్యూమినియం రేకు వద్దు, అది 660 డిగ్రీలకే కరుగుతుంది. ఇందుకోసమే చేసిన ప్లేట్లు ఆన్‌లైన్‌లో అమ్ముతారు, ఖరీదు బాగానే ఉంటుంది, కానీ మీకు అంత అవసరం లేదు. హార్డ్‌వేర్ షాపులో అక్షరాల పంచ్ సెట్ దొరుకుతుంది, సుత్తితో కొట్టి అక్షరం దింపేది. లేదంటే కరెంటుతో నడిచే ఎన్‌గ్రేవింగ్ పెన్ తీసుకోండి. మందంగా ఉన్న స్టీలు రేకు ముక్క మీద ఒక్కో పదానికి నాలుగే అక్షరాలు చెక్కితే చాలని పైన చెప్పాను కదా, పన్నెండు పదాలకు నలభై ఎనిమిది అక్షరాలకు మించదు, ఒక మధ్యాహ్నం పని. స్టీలు సామాన్ల షాపులో గిన్నెల మీద పేర్లు చెక్కే మనిషి ఉంటాడు, ఐదు నిమిషాల్లో చక్కగా చెక్కి ఇస్తాడు, మీకు ఆ ఆలోచన తప్పకుండా వస్తుంది. ఆయనకు ఇవ్వకండి. అవి ఏమిటో ఆయనకు తెలియకపోవచ్చు, పక్కన నిలబడి చూసేవాడికి తెలిసి ఉండొచ్చు. అక్షరాలు వంకరగా వచ్చినా మీ చేత్తో మీరే చెక్కండి.

ఎంత గట్టి స్టీలైనా ఒక్కటే కాపీ ఉంటే పోగొట్టుకోవచ్చు. బ్రిటన్‌లోని వేల్స్‌లో న్యూపోర్ట్ అనే ఊళ్లో జేమ్స్ హొవెల్స్ అనే ఆయన దాదాపు 8,000 బిట్‌కాయిన్ల తాళం ఉన్న హార్డ్ డిస్క్ 2013లో చెత్తలోకి వెళ్లిపోయింది. డంపింగ్ యార్డు తవ్వనివ్వమని ఏళ్ల తరబడి పోరాడాడు, 2025 జనవరిలో కోర్టు ఆయన కేసు కొట్టేసింది. ఆ తాళానికి రెండో కాపీ ఉండి ఉంటే ఆ కథే లేదు. అందుకని రెండు కాపీలు, రెండు చోట్ల, ఒకే వరద రెండింటినీ ముంచలేనంత దూరంలో. ఒకటి మీ ఇంట్లో, ఇంకోటి వేరే ఊళ్లో మీ అమ్మగారింట్లోనో అత్తగారింట్లోనో సీలు వేసిన కవరులో, లేదా బ్యాంకు లాకర్లో. లాకర్ మంచిదే, కానీ బ్యాంకు పూచీ ఎంతవరకో తెలుసుకోండి. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం లాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే, వరద లాంటి ప్రకృతి వైపరీత్యాలకు సాధారణంగా పూచీ ఉండదు. కాబట్టి లాకర్‌ది ఒక కాపీగా చూడండి, ఉన్న ఒక్క కాపీగా కాదు. లాకర్ మీ ఇద్దరి పేరు మీద ఉంటే ఇంకా మంచిది.

ఎవరో ఒకరు మీకు ఒక సలహా ఇస్తారు, ఆరు పదాలు ఒకచోట, ఆరు పదాలు ఇంకోచోట పెట్టమని. తెలివైన పనిలా కనిపిస్తుంది, వద్దు. రెండు ముక్కల్లో ఏది పోయినా మొత్తం పోయినట్టే, అంటే ప్రమాదం రెట్టింపు చేసుకున్నట్టు. ఇంకో పక్క, ఆరూ ఆరూ కాకుండా ఎనిమిదీ నాలుగుగా విడదీస్తే, ఎనిమిది పదాలు దొరికినవాడికి మిగతా నాలుగూ కంప్యూటర్ పెట్టి వెతికి పట్టుకోవడం సాధ్యమే. పూర్తి పదాలు రెండు చోట్ల ఉంచండి. అలాగే కొన్ని వాలెట్లు పాస్‌ఫ్రేజ్ అని ఇంకో అదనపు పదం పెట్టుకోమంటాయి, ఇరవై ఐదో పదం అని కూడా అంటారు. ఇప్పుడు మీకు దాని అవసరం లేదు. దాన్ని తప్పుగా కొట్టినా తప్పు అని చెప్పదు, వేరే ఖాళీ వాలెట్ తెరుస్తుంది, మర్చిపోతే ఎవరూ ఏమీ చేయలేరు. మీ ఆయన దాకా ఇది అందాలని మీరే అడుగుతున్నారు, అలాంటప్పుడు ఇంకో తాళం వేయకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను, మీ ఉత్తరం చదివినప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ కలవరం కలిగించింది ఇదే. మీరు పదాలు దాచారు, డబ్బు పంపారు, కానీ ఆ పదాలతో వాలెట్ తిరిగి తెరుచుకుంటుందో లేదో చూసినట్టు ఎక్కడా రాయలేదు. రాసుకున్న కాగితం బ్యాకప్ కాదు, తిరిగి తెరిచి చూసిన కాగితమే బ్యాకప్. ఇది చేయడానికి సరైన సమయం వాలెట్‌లో వంద, రెండు వందల రూపాయల పాటి డబ్బు ఉన్నప్పుడే. కొత్త వాలెట్ పెట్టి, పదాలు రాసి, కొద్దిగా పంపి, ఆ డబ్బు వచ్చిన అడ్రస్‌ను వేరే కాగితం మీద రాసుకోండి, అడ్రస్ రహస్యం కాదు కాబట్టి దాన్ని ఫొటో తీసుకున్నా పర్వాలేదు. తర్వాత యాప్‌లోంచి ఆ వాలెట్‌ను పూర్తిగా తీసేయండి, అవును, ధైర్యంగా తీసేయండి. ఇప్పుడు రెస్టోర్ లేదా ఇంపోర్ట్ ఆప్షన్ తీసుకుని కాగితం చూసి పన్నెండు పదాలూ కొట్టండి. జ్ఞాపకం నుంచి కాదు, కాగితం చూసే. అదే అడ్రస్, అదే డబ్బు కనిపిస్తే మీ బ్యాకప్ పనిచేస్తున్నట్టు. కనిపించకపోతే పోయింది వంద రూపాయలు. ఈ రాత్రి మాత్రం పాత వాలెట్ ప్రమాదంలో ఉంది కాబట్టి, ఈ పరీక్ష పూర్తి చేసి వెంటనే మొత్తం పంపేయండి, పావుగంట పని. స్టీలు రేకు తయారయ్యాక దాన్ని చూసి ఇంకోసారి ఇదే చేయండి, అప్పటికి హార్డ్‌వేర్ వాలెట్ వచ్చి ఉంటే పదాలను ఫోన్‌లో కొట్టకుండా ఆ పరికరం మీదే కొట్టి చూడండి.

తెరిచాక బ్యాలెన్స్ సున్నా చూపిస్తే భయపడి పదాలు పారేయకండి. ఒకే పదాల నుంచి వాలెట్లు వేర్వేరు దారుల్లో అడ్రస్‌లు పుట్టిస్తాయి. బిట్‌కాయిన్‌లో బీసీ1 తో మొదలయ్యేవి, 3 తో మొదలయ్యేవి, 1 తో మొదలయ్యేవి ఉంటాయి. ఒక యాప్ ఒక రకం చూస్తుంది, ఇంకో యాప్ ఇంకో రకం చూస్తుంది. మొదట వాడిన యాప్‌లోనే తెరిస్తే సాధారణంగా కనిపిస్తుంది. ఎలక్ట్రమ్ అనే బిట్‌కాయిన్ వాలెట్ అయితే మామూలుగా తన సొంత పద్ధతిలో పదాలు ఇస్తుంది, వాటిని వేరే యాప్‌లో కొడితే తెరుచుకోకపోవచ్చు. అందుకే కాగితం మీద పదాలతో పాటు వాలెట్ యాప్ పేరు, ఏ కాయిన్లు ఉన్నాయి, అడ్రస్ ఏ అక్షరాలతో మొదలవుతుంది, పెట్టిన తేదీ, పాస్‌ఫ్రేజ్ లేదు అన్న మాట, ఇవి కూడా రాయండి. పదేళ్ల తర్వాత చూసేవాళ్లకు పదాలతో పాటు ఈ నాలుగు లైన్లూ ఎంతో సాయపడతాయి.

హార్డ్‌వేర్ వాలెట్ అవసరమా అంటే, 5 లక్షలకు అవసరమే అంటాను. పది, ఇరవై వేలు అయితే ఫోన్ వాలెట్ చాలు అనేవాణ్ని. హార్డ్‌వేర్ వాలెట్‌లో పదాలు ఆ చిన్న పరికరంలోనే పుడతాయి, అక్కడి నుంచి ఫోన్‌కు రావు. ఫోన్‌లో మాల్‌వేర్ ఉన్నా వాటిని చదవలేదు. లెడ్జర్, ట్రెజర్ లాంటివి ఎక్కువమంది వాడుతున్నారు. ఏది కొన్నా కంపెనీ సొంత సైట్ నుంచి, లేదా ఆ కంపెనీ తన సైట్‌లో పేరు ఇచ్చిన డీలర్ నుంచి కొనండి. సెకండ్ హ్యాండ్ వద్దు, ఎవరైనా ఊరికే ఇస్తామన్నా వద్దు. పెట్టె తెరిచాక లోపల కార్డు మీద పదాలు ముందే రాసి ఉంటే అది మోసం, ఆ పదాలు వాళ్ల దగ్గర ఉన్నాయి. పదాలు మీ ముందే, ఆ పరికరం తెర మీదే పుట్టాలి. ఫోన్‌లో ఉన్న పాత పదాలను దాంట్లో కొట్టి వాడుకోవద్దు, కొత్తవే పుట్టించుకుని డబ్బును అందులోకి పంపండి. పరికరం పాడైనా, పోయినా, పిన్ మర్చిపోయినా బెంగ లేదు. లెడ్జర్ అయితే మూడుసార్లు పిన్ తప్పు కొడితే మొత్తం చెరిపేసుకుంటుంది, మీ దగ్గర స్టీలు రేకు ఉంటే వేరే పరికరం కొని మళ్లీ తెరుచుకుంటారు.

ఎక్స్ఛేంజ్‌లో మిగిలిన భాగం ఆ పరికరం వచ్చాకే తీయండి. ఎక్స్ఛేంజ్ మీద మీ భయం అర్థం లేనిది కాదు, వజీర్‌ఎక్స్‌లో 2024 జులై 18న దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు పోయాయి, ఏడాదికి పైగా ఖాతాదారులు తమ కాయిన్లు బయటకు తీసుకోలేకపోయారు. అయినా ఈ కొద్ది రోజుల కోసం తొందరపడి ఫోన్‌లోకి లాగొద్దు. తీసేటప్పుడు ముందు కొంచెం పంపి, చేరాక మిగతాది పంపండి. రెండుసార్లు ఫీజు పడుతుంది, పడనివ్వండి. అడ్రస్‌ను కాపీ పేస్ట్ చేశాక మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలే కాదు, మధ్యలోనూ కొన్ని సరిచూడండి. క్లిప్‌బోర్డులో అడ్రస్‌ను మార్చేసే మాల్‌వేర్ ఉంది. మీ అడ్రస్‌కు మొదలూ చివరా కలిసేలా అడ్రస్ తయారుచేసి, దాని నుంచి మీకు సున్నా మొత్తం పంపి మీ హిస్టరీలో కూర్చునేవాళ్లూ ఉన్నారు, తర్వాత మీరే హిస్టరీ నుంచి దాన్ని కాపీ చేసుకుంటారని. అందుకని హిస్టరీ నుంచి ఎప్పుడూ తీసుకోవద్దు, ఎప్పటికప్పుడు వాలెట్‌లో రిసీవ్ నొక్కి, ఫోన్ తెర మీద కనిపించేది పరికరం తెర మీద కనిపించేదీ ఒకటేనా అని చూసి తీసుకోండి. బిట్‌కాయిన్ అడ్రస్ ప్రతిసారీ మారుతుంటుంది, అది మామూలే, పాతవీ పనిచేస్తాయి. యూఎస్‌డీటీకి నెట్‌వర్క్ చూసుకోండి, టీఆర్‌సీ-20 (ట్రాన్) అయితే అడ్రస్ టీ అక్షరంతో మొదలవుతుంది, ఈఆర్‌సీ-20 (ఈథరియం) అయితే సున్నా, ఎక్స్‌తో మొదలవుతుంది.

మీ ఆయన సంగతి. సొంత వాలెట్‌కు నామినీ అనేది లేదు. వారసత్వ సర్టిఫికెట్ తెచ్చినా బ్లాక్‌చెయిన్‌కు చూపించలేరు. ఆయనకు తెలియకపోతే ఆ డబ్బు ఎవరికీ కాకుండా పోతుంది, కాబట్టి చెప్పాల్సిందే, అదీ ఊరికే నోటితో కాదు. ఒక ఉత్తరం రాయండి, తెలుగులోనే రాయండి, పదాలు మాత్రం అందులో రాయకుండా: నాకు ఫలానా ఎక్స్ఛేంజ్‌లో అకౌంట్ ఉంది, ఫలానా కంపెనీ పరికరం ఉంది, స్టీలు రేకులు ఫలానా రెండు చోట్ల ఉన్నాయి, తీసేటప్పుడు ఫలానా మనిషి పక్కన కూర్చుని సాయం చేయగలడు కానీ పదాలు కొట్టేది మాత్రం నువ్వే. మీ తమ్ముడికి ఇవి తెలుసు కాబట్టి ఆ మనిషి ఆయనే కావచ్చు, ఎలా తీయాలో ఆయనకు తెలుసు, పదాలు ఎక్కడున్నాయో మీ ఆయనకు తెలుసు, ఈ ఏర్పాటు నాకు నచ్చుతుంది. వీలునామా రాసే ఆలోచన ఉంటే అందులో కూడా పదాలు పెట్టొద్దు, అది చాలామంది చేతుల మీదుగా వెళ్లే కాగితం. ఒక ఆదివారం మీ ఆయన్ను కూర్చోబెట్టి, వంద రూపాయలున్న ఒక వేరే చిన్న వాలెట్‌ను ఆయన చేతే తీసేయించి ఆయన చేతే తెరిపించండి. మీరు పక్కన ఉంటూ ఏమీ చెప్పకండి, ఎక్కడ ఆగిపోతే ఆ విషయం ఉత్తరంలో కలపండి. ఇద్దరికీ కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, మనం లేని రోజు గురించి మాట్లాడుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు, అయినా ఆ గంట కూర్చోండి.

ఆయనకు ఇంకో మాట కూడా గట్టిగా చెప్పండి. వాలెట్ కంపెనీ మనిషినని, సపోర్టు నుంచి అని, కేవైసీ అని, వాలెట్ వెరిఫై చేయాలని ఎవరు ఏ పేరుతో అడిగినా పదాలు చెప్పకూడదు, ఏ వెబ్‌సైట్‌లోనూ కొట్టకూడదు. లెడ్జర్ కస్టమర్ల పేర్లు, ఇంటి అడ్రస్‌లు 2020లో బయటపడినప్పుడు, ఆ తర్వాత కొందరికి పోస్టులో నకిలీ పరికరాలే వచ్చాయి, పాతది సురక్షితం కాదు, ఇందులో మీ పదాలు కొట్టండి అని ఉత్తరంతో సహా. పోయిన క్రిప్టో తిరిగి తెప్పిస్తాం అని టెలిగ్రామ్‌లో తిరిగేవాళ్లు రెండోసారి దోచుకోవడానికి వచ్చినవాళ్లే. ఏదైనా జరిగితే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కదిలిపోయిన కాయిన్లను వెనక్కి తిప్పలేరు, అయినా అవి ఏదైనా ఎక్స్ఛేంజ్‌లోకి చేరితే అక్కడ ఆపే అవకాశం ఉంటుంది, దానికి ఫిర్యాదు నంబర్ కావాలి.

పన్ను గురించి మీరు అడగలేదు కానీ అకౌంట్స్ చూసే మనిషి కాబట్టి మీకే తేలిక. ఎక్స్ఛేంజ్ నుంచి తీసే ముందు 2021 నుంచి మీ కొనుగోళ్ల హిస్టరీ మొత్తం డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, ఆ యాప్ రేపు మూతపడితే మీరు ఎంతకు కొన్నారో చూపించడానికి ఆధారం ఉండదు. మీ వాలెట్‌లోకి మీరే మార్చుకోవడం అమ్మకం కాదు, కానీ అమ్మిన రోజు లాభం మీద 30 శాతం పన్ను, సెస్సు ఉంటాయి, కొన్న ధర తప్ప వేరే ఖర్చు తీసివేయనివ్వరు. 2022 జులై నుంచి అమ్మేటప్పుడు 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. ఏ తేదీన ఎంత ఏ అడ్రస్‌కు మార్చారో ఒక ఎక్సెల్ షీట్‌లో పెట్టుకోండి. ఆ షీట్ ఫోన్‌లో ఉన్నా ఫర్వాలేదు, అందులో రహస్యం ఏమీ లేదు.

ఈ రాత్రి పని పూర్తయ్యాక ఎక్కడైనా ఆగిపోతే మళ్లీ రాయండి. యాప్ పేరు, ఏ కాయిన్, తెర మీద ఏం రాసి వచ్చింది, అడ్రస్ ఏ అక్షరాలతో మొదలవుతోంది, ఇవి రాస్తే చాలు నేను చెప్పగలను. పదాలు మాత్రం నాకు కూడా రాయొద్దు.